భారం ఎవరిది? తగలోగ్ నుడికారం మీద తెగని వాదాలు

సికింద్రాబాద్ మారేడ్‌పల్లి నుంచి ఫిలిప్పీన్స్‌కు వైద్యం చదవడానికి వెళ్లే పిల్లల పెట్టెలో ఆవకాయ సీసా ఎంత ఖాయమో, ఫోన్‌లో ఒక మాటల పట్టిక ఉండటమూ అంతే ఖాయం. ‘కుముస్తా’ అంటే ఎలా ఉన్నారు, ‘సలామత్’ అంటే కృతజ్ఞతలు, ‘మగ్‌కానో’ అంటే ఎంత, ‘బహాలా నా’ అంటే రాసిపెట్టినట్టు జరుగుతుంది. ఎడమపక్క తగలోగ్, కుడిపక్క ఇంగ్లీషు. అంతకుమించి నేర్చుకోవాలన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాదు, చదువు ఇంగ్లీషులోనే కదా. మన జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరు 18న ప్రకటించిన నిబంధనలు కూడా విదేశీ వైద్య కోర్సు ఇంగ్లీషు మాధ్యమంలో ఉండాలనీ, కనీసం 54 నెలలు సాగాలనీ, 12 నెలల ఇంటర్న్‌షిప్ అక్కడే చేయాలనీ అంటాయి. పాఠాల వరకు ఇంగ్లీషు సరిపోతుంది. వార్డులో మంచం మీద ఉన్న మనిషి మాత్రం తన భాషలోనే మూలుగుతాడు.

2020 మార్చిలో కరోనా ఆంక్షల వల్ల ఫిలిప్పీన్స్ నుంచి వస్తున్న విద్యార్థులు కౌలాలంపూర్ విమానాశ్రయంలో చిక్కుకుపోయారు. వాళ్లకోసం ఢిల్లీతో పాటు విశాఖకూ విమానం నడపాల్సి వచ్చింది. అంతమంది తెలుగు పిల్లలు ఆ దీవుల్లో ఉన్నారని చాలామందికి అప్పుడే తెలిసింది. ఆ పిల్లల పట్టికలో కుడిపక్కన రాసిన అర్థాల మీద అరవై ఏళ్లుగా అక్కడి పండితులు తగువుపడుతున్నారన్న సంగతి మాత్రం ఇప్పటికీ ఇక్కడ పెద్దగా తెలియదు. తగువు చిన్నది కాదు. ఒక మాట అర్థం ఎక్కడుంటుంది? దాని మూలంలోనా, నిఘంటువులోనా, జాతి స్వభావంలోనా, దాని చివర తగిలించే చిన్న చిన్న తోకల్లోనా?

ముందు నిఘంటువులు, తర్వాత పేరు తగువు

తగలోగ్‌కు పరభాషలో అర్థం రాసే పని మొదట మిషనరీలు ఎత్తుకున్నారు. 1593లో మనీలాలో అచ్చయిన ‘దోక్త్రినా క్రిస్తియానా’లో స్పానిష్, తగలోగ్ రెండూ ఉన్నాయి. తగలోగ్‌ను దాని సొంత బైబాయిన్ లిపిలో కూడా వేశారు. పెద్రో దె సాన్ బ్వెనవెంతూరా నిఘంటువు 1613లో వచ్చింది. మన బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852 నాటిదని గుర్తు చేసుకుంటే, ఆ పని ఎంత ముందు మొదలైందో తెలుస్తుంది. ఎదురు దిక్కున నడిచినవాడూ ఒకడున్నాడు. తోమాస్ పిన్‌పిన్ అనే ముద్రాపకుడు 1610లో తగలోగులు స్పానిష్ నేర్చుకోవడానికి పుస్తకం రాశాడు. ఒకవైపు పాదరీ, మరోవైపు ఊరివాడు. ఒకే మాటను ఇద్దరూ రెండు రకాలుగా విన్నారని విసెంతె రఫాయెల్ 1988 నాటి తన గ్రంథంలో వాదించాడు. పాపం, ఋణం, సిగ్గు లాంటి మాటలు మతబోధలో చేరినప్పుడు పాదరీ ఒకటి అనుకుంటే, వినేవాళ్లకు ఇంకొకటి తట్టేదని ఆయన వాదం.

తర్వాత భాష పేరే తగువైంది. 1937 డిసెంబరు 30న అధ్యక్షుడు మాన్వెల్ కేసోన్ జాతీయ భాషకు తగలోగ్‌ను ఆధారంగా ప్రకటించాడు. 1959లో దానికి ‘పిలిపీనో’ అని పేరు మార్చారు. 1987 రాజ్యాంగం ‘ఫిలిపీనో’ అంది. తగలోగ్ ఇంటిభాష కాని సెబు, దవావ్ వైపు వాళ్లకు ఇవన్నీ ఒకే మనీలా భాషకు తొడిగిన వేర్వేరు చొక్కాలు. 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ‘బహాలా నా’ను ఇంగ్లీషు మాటల్లో చేర్చుకోవడంతో పట్టికలకు ఒక గౌరవం వచ్చినట్టయింది. అర్థం తేలిపోయిందన్న భ్రమ కూడా దానితోనే వచ్చింది.

‘ఈ జాతి ఇంతే’ అన్న బడి

1960లలో మనీలా విశ్వవిద్యాలయాల్లో అమెరికా పద్ధతిలో సామాజిక శాస్త్రం గట్టిగా నడిచింది. జెసూట్ ఫాదర్ ఫ్రాంక్ లించ్, ఆయన తోటివారు కొన్ని మాటలను ఏరి ‘ఫిలిపీనో విలువలు’ అన్నారు. నలుగురితో కలిసిపోవడం ‘పకికిసామా’, సిగ్గు ‘హియా’, లోపలి ఋణం ‘ఊతాంగ్ నా లోఓబ్’. చార్లెస్ కౌట్ 1961లోనే ఈ లోపలి ఋణాన్ని ఒప్పందం లాంటి బాధ్యతగా విశ్లేషించాడు. 1968లో లిన్ బోస్ట్రమ్ ‘బహాలా నా’ను అమెరికన్ల విధివాదంతో పోల్చి వ్యాసం రాసింది. ఆ మాట ‘బథాలా నా’ నుంచి, అంటే ‘దేవుడే ఉన్నాడు’ నుంచి పుట్టిందన్న ప్రచారం దీనికి తోడైంది. అక్కడినుంచి వరస చాలా తేలిక: ఈ జనం దేవుడి మీద వేసి ఊరుకుంటారు, ప్రయత్నించరు, అందుకే ఎదగరు.

ఈ బడిని కొట్టిపారేయడం ఇప్పుడు ఫ్యాషన్. కానీ న్యాయంగా చెప్పాలంటే, ఒక మాటను ఒంటరిగా కాక ఇంటి మర్యాదల్లో, బంధుత్వంలో పెట్టి చూడాలని మొదట చెప్పింది వీళ్లే. పట్టిక రాసేవాళ్లు అంత దూరం కూడా పోలేదు. వీళ్ల తప్పు మరోచోట ఉంది. మాటను ఇంగ్లీషులోకి దించి, ఆ ఇంగ్లీషు మాటనే జాతి గుణంగా పట్టుకున్నారు.

ఎదురు తిరిగిన బడి

1975లో విర్జీలియో ఎన్రీకెస్ నాయకత్వాన ‘సికొలొహియాంగ్ పిలిపీనో’ (ఫిలిపీనో మనోవిజ్ఞానం) పేరుతో ఒక ఉద్యమం మొదలైంది. మన మనసును మన మాటల్లోనే చదవాలన్నది దాని పట్టు. లించ్ బృందం చెప్పినవన్నీ పైపై విలువలనీ, వాటి కింద ‘కాపువా’ అనే భావం ఉందనీ ఎన్రీకెస్ అన్నాడు. ఇంగ్లీషులో దాన్ని ‘ఇతరులు’ అని రాస్తే పరాయితనం వస్తుంది. తగలోగ్‌లో అందులో ‘నేను’ కూడా ఉన్నానట. తెలుగువాడికి ఇంత వివరణ అక్కర్లేదు. ‘తోటి’ అన్న మాట మనకుంది. తోటి మనిషి అన్నప్పుడు అనేవాడు బయట నిలబడడు.

‘బహాలా నా’ మీద అసలు దెబ్బ అల్‌ఫ్రెదో లగ్మాయ్ కొట్టాడు. జనం ఈ మాట ఏ సందర్భంలో అంటున్నారో 1977లో ఆయన పరిశీలించాడు. చేతులెత్తేసినప్పుడు కాదు, ఏమవుతుందో తెలియకుండానే దిగబోతున్నప్పుడు అంటున్నారని తేల్చాడు. పరీక్ష గదిలోకి అడుగు పెడుతూ, అప్పు చేసి దుకాణం తెరుస్తూ, తుఫాను రోజున పడవ తీస్తూ. మన ‘కానీ, చూద్దాం’ ఇదే. సికింద్రాబాద్ కుర్రాడైతే ‘జానే దో, జో హోగా సో హోగా’ అని బండి స్టార్ట్ చేస్తాడు. ఆ మాట అన్నాక బండి కదులుతుంది తప్ప ఆగదు.

ఈ మాట కుటుంబాన్ని దగ్గరగా చూస్తే లగ్మాయ్ వైపే మొగ్గాలనిపిస్తుంది. ‘ఆకో ఆంగ్ బహాలా’ అంటే ‘నేను చూసుకుంటాలే’. ‘ఇకావ్ నా ఆంగ్ బహాలా’ అంటే ‘ఇక నీదే భారం’. ‘బహాలా కా’ అంటే ‘నీ ఇష్టం’, గొంతు కాస్త బిగిస్తే ‘నీ ఖర్మ’. ‘నకబబహాలా’ అంటే ఆందోళన కలిగించేది. ‘ఇపగ్‌వలాంగ్-బహాలా’ అంటే పెడచెవిన పెట్టడం. వీటన్నిటినీ మించినది ‘పమహలాఅన్’. ఆ మాటకు అర్థం ప్రభుత్వం. ఒకే ధాతువు నుంచి బాధ్యత, బెంగ, సర్కారు పుట్టుకొస్తుంటే దాన్ని సోమరితనం అనడం ఎలా కుదురుతుంది? పైగా ‘బహాలా నా సి బ్యాట్‌మన్’ అని ఒక పరిహాసం ఉంది, ఇక బ్యాట్‌మన్‌దే భారమని. దాన్ని పట్టుకుని ఆ దేశంలో బ్యాట్‌మన్ పూజలున్నాయని ఎవరూ వ్యాసం రాయలేదు.

ఇక మూలం సంగతి. ‘బథాలా’ సంస్కృత ‘భట్టార’ నుంచి వచ్చింది. మన శాసనాల్లో భట్టారకులు కనబడుతూనే ఉంటారు. ‘బహాలా’కు మాత్రం ‘భార’ శబ్దమే మూలమన్న వ్యుత్పత్తి ఒకటుంది. తెలుగు చెవికి ఇదే బలంగా తోస్తుంది. ‘నీ మీదే భారం వేశాను’, ‘రాజ్యభారం’, ‘మనసు భారమైంది’ అనే మూడు వాడుకలు తెలుగులో ఉన్నాయి. అక్కడ ‘ఇకావ్ నా ఆంగ్ బహాలా’, ‘పమహలాఅన్’, ‘నకబబహాలా’ ఆ మూడింటికీ పక్కపక్కన నిలుస్తాయి. భారాన్ని దించుకోవడమూ, ఎత్తుకోవడమూ రెండూ ఆ మాటలోనే ఉన్నాయి. బోస్ట్రమ్ వ్యాసం దించుకోవడాన్నే చూసింది.

సిగ్గూ మొహమాటమూ ఒకటి కాదు

‘హియా’ విషయంలో చర్చ ఇంకా నిశితంగా సాగింది. జైమె బులతావో 1964లో దీనిపై రాసిన వ్యాసం ప్రసిద్ధం. ఇంగ్లీషులో అందరూ ‘షేమ్’ అని వదిలేశారు. చరిత్రకారుడు సేయుస్ సలసార్ 1985లో అడ్డుపడ్డాడు. ధాతువును వదిలిపెట్టి దానికి తగిలించే ప్రత్యయాన్ని చూడమన్నాడు. ‘నహిహియా ఆకో’, ‘నకకహియా’, ‘నపహియా’, ‘వలాంగ్ హియా’ నాలుగూ నాలుగు దారులన్నాడు.

ఇంగ్లీషులో ఈ తేడా చెప్పడానికి పేరాలు కావాలి. తెలుగులో ఒక్కో మాట చాలు. మొదటిది ‘మొహమాటంగా ఉంది’. రెండోది ‘సిగ్గుచేటు’. మూడోది ‘నలుగురిలో చిన్నబోయాడు’. నాలుగోది అచ్చంగా ‘సిగ్గులేనివాడు’, వాళ్లకూ తిట్టే, మనకూ తిట్టే. మొహమాటానికి ఇంగ్లీషు మాట లేదని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటుంటారు. ఆ గర్వాన్ని పంచుకోవడానికి మనీలాలో ఒక బంధువు ఉన్నాడన్నమాట.

‘ఊతాంగ్ నా లోఓబ్’ సంగతీ అంతే. ‘ఊతాంగ్’ అంటే అప్పు, ‘లోఓబ్’ అంటే లోపలిది, మనసు. ఇంగ్లీషులో ‘కృతజ్ఞతా ఋణం’ అన్నారు. రాజకీయ నాయకుడు ఉద్యోగం ఇప్పించి తరతరాలు ఓట్లు రాబట్టుకోవడానికి ఇదే మూలమని విలువల బడి వాదిస్తే, తీర్చాలన్న ఒత్తిడి కంటే తెగకూడదన్న కోరిక ఇందులో ఎక్కువని ఎన్రీకెస్ పక్షం అంది. మనకు ‘ఋణానుబంధం’ ఉంది, ‘ఉప్పు తిన్న విశ్వాసం’ కూడా ఉంది. మొదటిది ఎన్రీకెస్‌కు, రెండోది విలువల బడికి సాక్ష్యం చెబుతాయి. ఇద్దరూ సగం సగం చూశారనిపించేది అందుకే. ఇద్దరూ పట్టించుకోని వాడుక ఇంకొకటుంది. విసిగిన తల్లి కొడుకుతో ‘ఊతాంగ్ నా లోఓబ్!’ అంటే అందులో అప్పూ లేదు, కృతజ్ఞతా లేదు. ‘నీకో దండంరా బాబూ, ఇక ఆపు’ అనే.

కాకతాళీయమే కావచ్చు గాని, ఫిలిప్పీన్స్‌లో ఇప్పటిదాకా దొరికిన అతి పాత లిఖిత పత్రం ఒక అప్పు రద్దు పత్రం. లగూనా రాగిరేకు శక సంవత్సరం 822 నాటిది, అంటే క్రీ.శ. 900. నమ్వరన్ అనే పెద్దమనిషి, అతని సంతానం బంగారం బాకీ నుంచి విముక్తులయ్యారని అందులో ఉంది. 1990ల మొదట్లో ఆంటూన్ పోస్త్మా దాన్ని చదివి వివరించాడు.

సంస్కృతం పరిచిన వల

రాగిరేకు మాట వచ్చింది కాబట్టి మన తెలుగువాళ్లు ఎక్కువగా పడే గోతి గురించి చెప్పాలి. పార్దో దె తవెరా 1887లో తగలోగ్‌లోని సంస్కృత పదాలపై పుస్తకం వేశాడు. హ్వాన్ ఫ్రాన్సిస్కో 1960లలో ఆ పనిని జల్లెడ పట్టి కొనసాగించాడు. ‘గురో’ ఉపాధ్యాయుడు, ‘ముఖా’ ముఖం, ‘ఆసా’ ఆశ, ‘సక్సీ’ సాక్షి. చూడగానే ‘ఇవన్నీ మనవే’ అనిపిస్తుంది. ఈ మాటల్లో చాలావరకు మలయ్, జావా భాషల మీదుగా అక్కడికి చేరాయన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. దారిలో అవి వేషం మార్చాయి. ‘సింతా’ అంటే చింత కాదు, ప్రేమ. పాత తగలోగ్‌లో ‘లక్సా’ లక్ష కాదు, పదివేలు. ‘హరీ’ విష్ణువు కాదు, రాజు. ఇక ‘హిందీ’ అంటే ‘కాదు’. సికింద్రాబాద్‌వాడికి దీనిమీద ఒక జోకు తప్పక తడుతుంది.

బంధుత్వం సంస్కృతం పక్కనే కాక అనుకోని చోట కూడా దొరుకుతుంది. ‘మహాల్’ అంటే ప్రియమైనది, అదే మాటకు ఖరీదైనది అనీ అర్థం. బజారులో ధర విని ‘ఆంగ్ మహాల్!’ అంటారు, ప్రేమించినవాళ్లతో ‘మహాల్ కితా’ అంటారు. ‘బియ్యం ప్రియమయ్యాయి’ అనే పాతతరం తెలుగు ఇక్కడ నిఘంటువు కంటే బాగా పనికొస్తుంది. ఆ బియ్యమే ఇంకో ఉదాహరణ. ఇంగ్లీషులో అన్నీ ‘రైస్’. తగలోగ్‌లో వడ్లు ‘పాలయ్’, బియ్యం ‘బిగాస్’, అన్నం ‘కానిన్’. లగూనాలోని లోస్ బాన్యోస్‌లో 1960లో ఏర్పడిన అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్-8 విడుదల చేసింది. మరుసటి ఏడే పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించారు. విత్తనం అంత దగ్గరి దారిన వచ్చింది. మాట మాత్రం ఇప్పటికీ లండన్ చుట్టి వస్తోంది.

మనుషులూ వెళ్లారు. 1762 అక్టోబరులో బ్రిటిషువాళ్లు మనీలాను పట్టుకున్నప్పుడు మద్రాసు నుంచి సిపాయిలను తీసుకెళ్లారు. 1764లో సేన తిరిగొచ్చినా కొందరు మనీలా దగ్గరి కైంతాలో స్థిరపడిపోయారు. మద్రాసు సిపాయిలను ఉత్తరాదిన ‘తిలంగా’లని పిలిచిన కాలమది. కాబట్టి అందులో తెలుగువాళ్లూ ఉండే ఉంటారన్న ఊహ అసమంజసం కాదు. ‘కరె-కరె’ అనే వంటకం వాళ్ల కూర నుంచే పుట్టిందని అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. వినడానికి బాగుంటుంది, అంతవరకే.

తోకల్లో ఉన్న అర్థం

మూడో పక్షం భాషాశాస్త్రవేత్తలది. లెనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్ 1917లోనే ఒక తగలోగ్ విద్యార్థి చెప్పిన కథలను అక్షరం పొల్లుపోకుండా దింపుకుని వ్యాకరణం రాశాడు. శాక్టర్, ఓతానెస్ 1972లో వెలువరించిన వ్యాకరణం ఇప్పటికీ అందరికీ ఆధారం. తగలోగ్ వాక్యంలో కర్త ఏది, అసలు కర్త అన్నది ఉందా అన్న వాదం 1976లో శాక్టర్ లేవదీశాడు. అది ఇంకా తెగలేదు. సామాన్య పాఠకుడికి అక్కర్లేదు కూడా. అక్కరకొచ్చేవి చిన్న మాటలు.

‘దావ్’ అన్నది మన ‘ట’. ‘దరతింగ్ దావ్ సియా’ అంటే ‘వస్తాడట’. చెప్పింది నేను కాదు, విన్నదే. ‘బా’ మన ప్రశ్నార్థక దీర్ఘం. ‘పాలా’ ఇప్పుడే తెలిసిన సంగతికి పెట్టే ‘అన్నమాట’. ‘తాయో’ మనం, ‘కామీ’ మేము. ఇంగ్లీషు గుండా నేర్చుకునేవాడు ఈ ఒక్క తేడా దగ్గర నెలలు కొట్టుకుంటాడు, తెలుగు పిల్లవాడికి అది పుట్టుకతో వచ్చింది. ‘కుమాయిన్ కా నా బా?’ అని ఎవరైనా అడిగితే అది భోజనానికి పిలుపు కాదు, మన ‘తిన్నావా?’ లాంటి పలకరింపు. మారేడ్‌పల్లిలో పాత ఇంటి గేటు దగ్గర నిలబడి ‘ఏమండీ, ఇంట్లో ఎవరండీ?’ అని కేక వేసినట్టే అక్కడ ‘తావో పో!’ అని కేక వేస్తారు. ‘తావో’ అంటే మనిషి. ‘పో’ మన ‘అండీ’. పట్టికలో దాన్ని ‘మనిషి, సర్’ అని రాస్తే గేటు తెరుచుకోదు.

ముగ్గురినీ పక్కపక్కన పెడితే, విలువల బడి మాటలో జాతిని వెతికింది. ఎన్రీకెస్ పక్షం మాటలో మనిషిని వెతికింది. వ్యాకరణవేత్తలు మాటలో మాటనే వెతికారు. నా మొగ్గు సలసార్ వైపు. ప్రత్యయం నుంచి మనసు దాకా నడిచే దారి అతనొక్కడే చూపించాడు. అయితే అతని పద్ధతికి గొంతు వినబడదు. ‘బహాలా కా’లోని కోపం ఏ ప్రత్యయంలోనూ లేదు.

దవావ్‌లో తిరగబడే లెక్క

ఇంత చేసినా మన పిల్లలకు ఒక చిక్కు మిగిలే ఉంది. వాళ్లలో చాలామంది చేరే దవావ్‌లో వీధి భాష తగలోగ్ కాదు, బిసాయా. ‘ఏమిటి’ అనడానికి తగలోగ్‌లో ‘ఆనో’, అక్కడ ‘ఉన్సా’. ‘లంగ్గమ్’ తగలోగ్‌లో చీమ, బిసాయాలో పిట్ట. ‘లిబోగ్’ బిసాయాలో అయోమయం, తగలోగ్‌లో కామం. మనీలా పట్టిక చేతిలో పెట్టుకుని దవావ్ వార్డులో ‘లిబోగ్’ విన్న వైద్య విద్యార్థి రోగిని తప్పుగా అర్థం చేసుకుంటే ఆశ్చర్యం లేదు.

మర్యాద లెక్క కూడా మారుతుంది. బిసాయాకు సొంత ‘పో’ లేదు. మనీలావాళ్లకు దవావ్ మాట కరుకుగా వినిపిస్తుంది, దవావ్‌వాళ్లకు మనీలా మాట నంగిగా వినిపిస్తుంది. ఈ తగువు మనకు కొత్త కాదు. కోస్తా నుంచి వచ్చి మారేడ్‌పల్లిలో ఇల్లు అద్దెకు తీసుకున్నవాళ్లు ‘ఇక్కడివాళ్లు అండీ అనరు’ అని మూతి ముడవడం, ఇక్కడివాళ్లు ‘అన్నా అని పిలిస్తే అందులో మర్యాద లేదా’ అని ఎదురడగడం ఎన్నాళ్లుగానో నడుస్తున్నదే. ‘పో’ను మర్యాదకు కొలబద్ద చేయవచ్చా అన్నది ఆ దీవుల్లో ఇంకా తేలలేదు. ‘అండీ’ సంగతి ఇక్కడ తేలితే వాళ్లకు కబురు పంపవచ్చు.

యంత్రానువాదం మీదా స్పష్టత లేదు. ధాతువుల అర్థం అది బాగానే పట్టుకుంటోంది. ‘దావ్’, ‘పాలా’ లాంటివి ఇంగ్లీషు మీదుగా తెలుగులోకి వచ్చేసరికి జారిపోతున్నాయి. తగలోగ్ నుంచి నేరుగా తెలుగులోకి పోయే దారి ఎవరైనా వేస్తే ‘దావ్’ సుఖంగా ‘ట’ అయిపోతుంది. అటువంటి పని చేయడానికి రెండు భాషలూ నోట ఆడే మనుషులు కావాలి. ఫిలిప్పీన్స్‌లో ఐదారేళ్లు ఉండి వచ్చిన మన వైద్యులే ఆ మనుషులు. వాళ్లను ఈ కంటితో ఎవరూ చూడలేదు.

అన్నిటికంటే చిక్కు ముడి మంచం పక్కన ఉంది. శస్త్రచికిత్స గురించి అంతా వివరించి, చేయమంటారా అని అడిగితే దవావ్ ముసలాయన ‘ఇకావ్ నాయ్ బహాలా, డాక్’ అంటాడు. బిసాయాలోనూ అదే ధాతువు. బోస్ట్రమ్ చెప్పినట్టైతే ఆయన విధికి వదిలేశాడు. లగ్మాయ్ చెప్పినట్టైతే ధైర్యం చేశాడు. అది తెలుగు చెవితో విన్న మన వైద్య విద్యార్థినికి మాత్రం ‘ఇక మీదే భారం, డాక్టరమ్మా’ అని వినబడుతుంది. ఆమె చేతిలో ఇంగ్లీషు కేసుషీటు ఉంది. అందులో ‘రోగి సమ్మతించాడు’ అన్న గడి ఒకటి, ‘సమ్మతించలేదు’ అన్న గడి ఒకటి. ‘భారం డాక్టరు మీద వేశాడు’ అన్న గడి లేదు.